పిట్ట పేరు ఎవరినడగాలి?

2020 మార్చి 25. శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. శ్రీనివాసపురం మామిడి తోటల పక్కన మా ఊళ్లో ఆ పొద్దు బస్సు హారన్ లేదు, సంత లేదు. కోయిల మాత్రం తెల్లారకముందే అందుకుంది. అది ఏటా కూసేదే. మనం విన్నది ఆ ఏడే.

విలేకరిని కాబట్టి నాకు పాసు ఉండేది. కానీ వార్తలన్నీ ఫోన్లోనే వచ్చిపడుతుంటే తిరిగే పని ఏముంది? బడి లేక ఇంట్లో గోల చేస్తున్న మా పాపను తీసుకుని, ఆవును తోలుకుపోయే పక్కింటి తాత వెనకాల, పది అడుగుల ఎడంగా చెరువు కట్ట మీద నడవడం అలవాటు చేసుకున్నాను.

మొదటి రోజే మర్రిచెట్టు మీద నుంచి టుక్ టుక్ టుక్ అని ఆగకుండా చప్పుడు. "ఏం పిట్ట నాన్నా?" అంది పాప. బీయే చదివిన నేను ఫోను తీసి వెతికి 'కాపర్‌స్మిత్ బార్బెట్' అన్నాను. తాత నవ్వాడు. "కంసాలి పిట్ట కదప్పా అది! సుత్తితో కొట్టినట్టు లేదా?" అన్నాడు. కన్నడంలో దాన్నే కంచుకుటిగ అంటారు. ఒకే చప్పుడు విని మూడు భాషలవాళ్లూ లోహం పని చేసేవాడి పేరే పెట్టారు. మా పాపకు మూడూ నోటికొచ్చాయి.

తీతువు సంగతి మీకు తెలిసిందే. రాత్రిపూట అది అరిస్తే చావు కబురని మనవాళ్ల భయం. ఆ ఏడు ఆ భయం మరీ ఎక్కువ. ఒకనాడు చెరువులో నీళ్లు తగ్గిన చోట తీతువు నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంటే నేనే వెనక్కి తగ్గాను. తాత నేల చూపించాడు. గులకరాళ్ల మధ్య రాళ్లలాగే నాలుగు గుడ్లు. "అది చావును పిలవడం లేదు. గుడ్లు తొక్కుతారేమోనని మొత్తుకుంటా ఉంది" అన్నాడు.

2021 ఏప్రిల్ చివర మళ్లీ కర్ఫ్యూ. రెండో విడత కరోనాలో, మే నెలలో తాత పోయాడు. ఆ తరువాత కట్ట మీద ఏదైనా పిట్టను చూపించి పాప అడిగితే ఇంగ్లీషు పేరు ఫోన్లో దొరుకుతోంది, కన్నడ పేరు పక్కవాళ్లు చెబుతున్నారు. తెలుగు పేరు చెప్పేవాళ్లే లేరు. 2018 నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లు పథకం పేరుతో మా కోలారు జిల్లా చెరువులకు వస్తున్నాయి. పోయిన మాటలు తెచ్చే పథకం మాత్రం ఎక్కడా లేదు.

మా ఊరి బడిలో తెలుగు లేదు. పిల్లలు కన్నడం, ఇంగ్లీషు చదవడంలో తప్పేమీ లేదు, అవి అన్నం పెట్టే భాషలు. పైగా పిట్టలకు సరిహద్దులు లేవు. కర్ణాటకకూ తెలంగాణకూ రాష్ట్ర పక్షి పాలపిట్టే. కానీ మనలాంటి వాళ్ల తెలుగు పుస్తకాల్లో కంటే నోళ్లలోనే ఎక్కువ బతికింది. ఆ నోరున్న పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఉగాదికి మన తెలుగు సంఘాలు పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం పెడతాయి. బాగుంది. ఆ పొద్దునే ఒక గంట చెరువు కట్ట మీద నడక కూడా పెట్టండి. పెద్దవాళ్లను ముందు నడవనివ్వండి. పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. తెలుగు పేరును కన్నడ లిపిలో రాసుకున్నా ఫరవాలేదు. మా పాప అలాగే రాసుకుంది. అందులో తాత చెప్పినవి పదిహేడు పేర్లున్నాయి. నేను అప్పట్లో ఇంకాస్త అడిగి ఉంటే ఇంకొన్ని ఉండేవి.