చెయ్యి చేసుకోవడం, చెయ్యెత్తడం

మొగుడు పెళ్ళాన్ని కొడితే 'చెయ్యి చేసుకున్నాడు'. ఆమె తిరగబడి కొడితే 'మొగుడి మీదే చెయ్యెత్తింది'. అర్థం చెప్పమంటే రెండింటికీ 'కొట్టడం' అనే చెప్తాం. రెండూ ఒకటి కావు. మొదటి మాటలో క్షమాపణ ముందే ఇమిడి ఉంది: ఏదో కోపంలో జరిగిపోయింది పాపం! రెండో మాటలో తీర్పు ముందే ఉంది: ఎంత తెగింపు! దెబ్బ పడక్కర్లేదు, చెయ్యి గాల్లోకి లేస్తే చాలు.

చెయ్యి చేసుకోవడం దాదాపు ఎప్పుడూ పైనుంచి కిందికే: మొగుడు పెళ్ళాం మీద, అత్త కోడలి మీద, మేస్టారు పిల్లల మీద. 'ఆడదాని మీద చెయ్యెత్తుతావా' అనీ అంటారు నిజమే. మగవాణ్ణి తప్పుపట్టాలనుకున్నప్పుడే ఆ మాట బయటికొస్తుంది.

నోరు జారడం, కాలు జారడం కూడా ఇలాంటి జంటే. నోరు జారిన పెద్దమనిషి మర్నాడు మాట వెనక్కి తీసుకుంటాడు. కాలు జారిందన్న ఆడదానికి వెనక్కి తీసుకోడానికేమీ ఉండదు. కొల్లేరు లంకల్లో చెరువుగట్టు మీద బురదలో నిజంగా జారినామె గురించి కూడా 'జారి పడింది' అనాల్సిందే. 'కాలు జారింది' అని ఆపేస్తే ముసిముసి నవ్వులు.

'జాతీయాలు భాషకు అలంకారాలు, వాటి మీదా మీ స్త్రీవాదమేనా?' అంటారు. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఒకామె ఫిర్యాదు చెప్పుకోడానికి వచ్చి 'చెయ్యి చేసుకున్నాడండీ' అంటే, రాసుకునేవాళ్ళు ఆ ఒక్క ముక్కే రాసుకుంటే అది అలంకారమా? గృహహింస చట్టం 2005లో వచ్చింది. 2006 నియమావళిలో బాధితురాలికి హక్కులు తెలియజేసే పత్రం కొట్టడం, చెంపదెబ్బ, కొరకడం, తన్నడం, గుద్దడం, నెట్టడం అంటూ దేనికదే విడిగా పేర్కొంటుంది. చట్టం విడదీసిన దెబ్బల్ని మన జాతీయం మళ్ళీ ఒకే మూటలో కట్టేస్తోంది.

సిగ్గుతోనో భయంతోనో ఆమె ఆ మాట వాడితే వాడనివ్వండి. వినేవాళ్ళు దాని చాటున దాక్కోకూడదు. 'దేంతో కొట్టాడమ్మా, ఎక్కడ, ఎన్నిసార్లు?' అని అడగాలి. నిఘంటువులు రాసేవాళ్ళు ఏ జాతీయం ఎవరి గురించి వాడతారో కూడా రాయాలి. కథలు రాసే మనం 'చెయ్యి చేసుకున్నాడు' దగ్గర ఒకసారి కలం ఆపాలి. 'కొట్టాడు' అనే మాట తెలుగులో ఉంది కదా, రాయడానికి ఎందుకు సంకోచం?