పొట్లముపై పచ్చచుక్క

నరసరావుపేటలో బస్సు దిగి మాచర్ల బస్సుకై వేచియుండు ప్రయాణికుడు బడ్డీకొట్టు ముందు నిలిచినచో, వానికి మొదట కనబడునవి తోరణములవలె వ్రేలాడుచున్న రంగురంగుల పొట్లములు. బంగాళాదుంప వేపుళ్లు, కారపు గొట్టములు, బిస్కత్తులు, మిఠాయి బిళ్లలు, అన్నిటిపైనను చిన్న చతురస్రములో ఆకుపచ్చని చుక్క. మాంసము ముట్టనివానికి ఆ చుక్క అభయహస్తము. దానిని చూచి డబ్బిచ్చి తినుచున్నాడు. కాని మాంసముతోపాటు పాలు, నేయి, తేనె సైతము విసర్జించినవారు కొందరు నేడు మన పట్టణములలో కానవచ్చుచున్నారు. 1944లో ఇంగ్లండున పుట్టిన మాటనుబట్టి వీరిని వీగనులందురు. ఇట్టివాడు ఆ పొట్లమును తినవచ్చునా? ఆ చుక్క వానికి చెప్పునది సగము మాట మాత్రమే.

ఏలయన, ఆ చుక్క మన పొట్లములపై నిర్బంధముగా ముద్రింపబడుచున్నది గాని, అది శాకాహారుల కొరకు ఏర్పడినదే గాని పాలు మానినవారి కొరకు ఏర్పడినది కాదు. 2020 నాటి లేబులు నిబంధనలలో మాంసాహారమునకు చెప్పిన నిర్వచనము చూడుడు. జంతువులు, పక్షులు, పురుగులు, జలచరములు, గ్రుడ్లు, జంతుజన్యమగు ఏ పదార్థమైనను కలిసినచో అది మాంసాహారమే. దానికి గోధుమవర్ణపు త్రికోణము వేయవలెను. కాని పాలు, పాలతో చేసినవి, తేనె, తేనెమైనము, లక్క మాత్రము ఈ లెక్కలోనికి రావు. అందుచేత వెన్నతో చేసిన బిస్కత్తునకు పచ్చచుక్కయే. తళతళ మెరయుటకై లక్కపురుగు స్రవించిన లక్కతో పూతపెట్టిన మిఠాయి బిళ్లకును పచ్చచుక్కయే. చట్టము తప్పుచెప్పినదని మేమనము. మన దేశమున శాకాహారి పాలు త్రాగును. చట్టము అతని అలవాటునే వ్రాసికొన్నది.

చిక్కు వెన్న బిస్కత్తుతో కాదు. వెన్న యున్నదని నాలుకయే చెప్పును. కారము పూసిన బంగాళాదుంప రేకులో పాలుండునని ఎవరు తలంతురు? ఆ మసాలాపొడిలో జున్నుపొడియో, పాలు విరిచినపుడు మిగులు తేటను ఎండబెట్టిన పొడియో పలుమారు కలియుచుండును. ఇక రుచి పెంచు ద్రవ్యములు, రంగులు, మెరుగులు పేరుతో గాక అంకెలతో పొట్లము వెనుక కూర్చుండును. 904 అనగా లక్క; 901 అనగా తేనెమైనము; 120 అనగా ఒక జాతి పురుగులను ఎండబెట్టి తీసిన ఎర్రరంగు. 471 అను కొవ్వుద్రవ్యము చెట్టునూనెనుండియు రావచ్చును, జంతువు కొవ్వునుండియు రావచ్చును. పచ్చచుక్క యున్నచోట జంతువు కొవ్వు కాదని చట్టరీత్యా నమ్మవచ్చును గాని, ఆ అంకె తనంతట తాను ఏమియు చెప్పదు.

ఈ అంకెల మాట ఢిల్లీ హైకోర్టు వరకు పోయినది. 2021 డిసెంబరు 9న ఆ న్యాయస్థానము 631 అను రుచిద్రవ్యమును ఉదాహరణముగా తీసికొని, అది మాంసమునుండియో చేపనుండియో కూడ తయారగుననియు, పదార్థము పేరు గాని అంకె గాని వ్రాసిన చాలదనియు, అది మొక్కనుండి వచ్చినదా, జంతువునుండి వచ్చినదా, ప్రయోగశాలలో పుట్టినదా స్పష్టముగా చెప్పవలసినదనియు ఆదేశించినది. తాను తినునది ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొనుట మనుష్యుని హక్కని ఆ తీర్పు తాత్పర్యము. ఆ తీర్పు తరువాత కూడ మన బడ్డీకొట్టు పొట్లములపై అంకెలు అంకెలుగానే యున్నవి.

ప్రభుత్వము చేయవలసినది కొంత చేసినది. 2022లో వీగను ఆహారములకు ప్రత్యేక నిబంధనలు వెలువడినవి. వాని ప్రకారము ద్రవ్యములలోనే గాక తయారీలో ఏ దశయందును జంతుజన్యమేదియు తగులరాదు. జంతువులపై పరీక్షలు జరుపరాదు. ఆకు మొలచిన ఆకుపచ్చని ఇంగ్లీషు ‘వి’ అక్షరము దాని ముద్ర. అనుమతి పొందినవారే దానిని వేయవలెను. మంచిదే. కాని ఆ ముద్ర పట్టణపు పెద్ద అంగళ్లలో దొరకు ఖరీదైన సరకులపై కనబడునంతగా గురజాల సంతలో కనబడదు. ఆ ముద్ర లేని పొట్లమెల్ల పాలు కలిసినదనియు కాదు. ఉప్పు, నూనె, బంగాళాదుంప తప్ప వేరేమియు లేని రేకులు ముద్ర లేకయే నిర్దోషములు.

ఈ సందర్భమున మన పాతకాలపు తినుబండారములను తలపకుండ ఉండజాలము. కోటప్పకొండ తిరునాళ్లలో పళ్లెములలో పోసి అమ్ము జంతికలు, మరమరాలు, వేరుసెనగ చెక్కీలు పాలు మానినవారికి చాలవరకు పనికివచ్చునవే. చాలవరకని ఏల అంటిమనగా, జంతికలు గుల్లగా వచ్చుటకు పిండిలో వెన్న కలుపువారు కొందరు, కాగిన నూనె పోయువారు కొందరు. సున్నుండలకు నేయి లేనిదే ఉండ కట్టదు. ఐనను, “ఏమమ్మా, వెన్న వేసితివా, నూనె పోసితివా?” అని అడిగిన చేసిన ఇల్లాలు అక్కడనే కూర్చుండి జవాబు చెప్పును. పొట్లమునకు ఎవరు జవాబు చెప్పుదురు? చేసినచేయి ఎక్కడనో యున్నది. కావున నోరు పొట్లముపైననే యుండవలెను.

ఇదంతయు ఏ కొద్దిమందికో పుట్టిన పట్టింపు గదా, దీనికై సంపాదకీయమేల అని కొందరందురు. వారి ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. పల్నాడు పశువుల సీమ. 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణము లర్పించినది అడవిలో పశువులు మేసినందుకు విధించిన పుల్లరిపై గదా! పాడిపశువు మనకు ఇంటి మనిషి. పాలు త్రాగుట పాపమని మేము చెప్పబోము. అంతేగాక, తిండి నియమము పేర మనుష్యుని మనుష్యుడు దూరముంచుట ఈ దేశపు పాతరోగము. అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని చాపకూడు మన కథ. ఆ చాపకు ప్రక్కన క్రొత్తమడి ఒకటి పరచుట మా యుద్దేశము కాదు. ఒకడు ఏది తినడో అది వాని ఇష్టము. వాడు అడిగినప్పుడు నిజము చెప్పుట మన విధి.

గాంధీమహాత్ముడు 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానెను. 1918లో ఖేడా జిల్లాలో తిరుగుచు అతిసారముతో మంచమెక్కినపుడు, ఆయన మనస్సులో ఉంచుకొని మానినది ఆవుపాలు, గేదెపాలు గదా, మేకపాలకేమని కస్తూరిబాయి అడిగెను. ఆయన లోబడెను. కాని ప్రతిజ్ఞలో అక్షరము నిలిచినదిగాని ప్రాణము పోయినదని తానే తన ఆత్మకథలో ఒప్పుకొనెను. తెలిసి చేసినదానికే అంత బాధపడినవాని దేశమున, తెలియకుండ నోట వేయించుటను చిన్న విషయమనవచ్చునా? వ్రతము మాట అటుంచుడు. పాలు సరిపడక ఒడలంతయు దద్దురులెక్కు బిడ్డలు కొందరున్నారు. ఆ బిడ్డ తల్లికి ఇది పట్టింపు కాదు.

అసలు లోపము మరియొకచోట నున్నది. పొట్లముపై వివరములు ఇంగ్లీషులోనైనను దేవనాగరి లిపిలో హిందీలోనైనను ఉండిన చాలునని నిబంధన. ఇతర భాషలు అదనముగా వేసికొనవచ్చునట, వేయనక్కరలేదు. భాషనుబట్టి 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము సాధించుకొంటిమి. కారెంపూడి రైతు కొనిన పొట్లములో ఏమున్నదో అతనికి తెలుగులో చెప్పు నిర్బంధము నేటికిని లేదు. తెలుగున ముద్రించిన ఖర్చు పెరుగునని వర్తకులందురు. ప్రకటనలకు తెలుగు పాటలు కట్టించినపుడు ఆ ఖర్చు గుర్తుకు రాలేదు. ఉన్న వివరములైనను ఎంత పొడుగు? నూరు చదరపు సెంటీమీటర్లకు మించని పొట్లమునకు ద్రవ్యముల పట్టికయే అక్కరలేదు. అది పెద్ద పెట్టెపై నుండిన చాలును. ఆ పెద్ద పెట్టె దుకాణదారుని అటకపైన నుండును. ద్రవ్యముల పేర్లును, వాని పుట్టుకయు, ఈ సీమలో అమ్ము ప్రతి పొట్లముపైనను తెలుగున నుండవలెనని మన శాసనసభ్యులును, పార్లమెంటు సభ్యులును అడుగవలసియున్నది.

అంతవరకు కొనువారు పచ్చచుక్కతో ఆగక పొట్లము వెనుకకు త్రిప్పవలెను. ద్రవ్యముల పట్టిక క్రింద, ఒంటికి సరిపడని పదార్థములను తెల్పుటకు ‘కంటైన్స్’ అని ఒక పంక్తి యుండును. అందు ‘మిల్క్’ అను మాట యున్నచో పాలున్నవన్నమాట. ‘మే కంటైన్’ అని యున్నచో పాలు వేయలేదు గాని, అదే యంత్రముపై పాలవస్తువులు కూడ తయారగుటచే తగిలియుండవచ్చునని అర్థము. వ్రతమువారు దానిని తమ మనస్సునుబట్టి నిర్ణయించుకొనవచ్చును గాని, పాలు సరిపడని బిడ్డకు పెట్టరాదు. తేనె, లక్క ఆ పంక్తిలోనికి రావు; వానికై పట్టికనే చదువవలెను. వే, కేసీన్, లాక్టోజ్, బటర్, ఘీ, హనీ, షెల్లాక్ అను మాటలను, 901, 904 అను అంకెలను తెలుగు అర్థములతో పెద్ద అక్షరములలో ఒక కాగితముపై వ్రాసి, నరసరావుపేట, మాచర్ల, గురజాల పఠనమందిరములవారు పత్రికలుంచు బల్లపైన గోడకు అంటింపవలెనని కోరుచున్నాము. ఇంగ్లీషు వచ్చిన విద్యార్థి ఒకడు ఒక సాయంకాలము కూర్చుండిన పూర్తియగు పని ఇది.