గరాజ్ తలుపు దించే పడుకోండి

సంపాదకులకు,

గత సంచికలో "భద్రమైన వీధిలో గరాజ్‌కి తాళమెందుకు?" అన్న లేఖ చదివి ఊరుకోలేకపోయాను. డాలస్ శివారులో మాదీ అలాంటి వీధే. నిరుడు ఒక రాత్రి గరాజ్ తలుపు దించడం మరిచాం. తెల్లారేసరికి మా అమ్మాయి సైకిల్ లేదు. గోడకి హెల్మెట్ మాత్రం వేలాడుతోంది. సైకిల్ పోతే పోయింది. గరాజ్‌లోంచి వంటింట్లోకి వచ్చే తలుపుకి ఆ రాత్రి గడియ వేసి లేదని తెలిసినప్పుడు మాత్రం కాళ్లు వణికాయి. వీధి తలుపుకి రెండు తాళాలు వేసేవాళ్లం కూడా ఆ తలుపుని పట్టించుకోం! బయట నిలిపిన కారులో ఉండిపోయిన గరాజ్ రిమోట్ కూడా ఇంటి తాళంచెవే. పొరుగువాళ్లు మంచివాళ్లే, కాదనను. వీధిలో తిరిగేది వాళ్లొక్కరే కాదు కదా. ఊరెళ్లేటప్పుడు గరాజ్ మోటారు ప్లగ్ తీసి, తలుపుకి లోపలి గొళ్లెం కూడా వేయండి.

— ఒక పాఠకురాలు, టెక్సాస్