తంగేడు పూవు, తోలు బెల్టు

ఫిబ్రవరిలో చదువుకోవడానికి మెల్‌బోర్న్ వచ్చే పిల్లలు ఫోన్ చేసి అడిగే ప్రశ్నల్లో రైస్ కుక్కరూ, పచ్చళ్లూ అయిపోయాక ఈమధ్య మూడోది బెల్టు. "అన్నా, అక్కడ బెల్టులు బాగా రేటంట గదా, రెండు మూడు తెచ్చుకోనా?" అని. పోయినసారి సూట్‌కేసు గురించి రాశాను కాబట్టి ఈసారి నడుం దగ్గర ఆగుదాం.

మన మగవాళ్లకు నడుముతో అనుబంధం పుట్టిన కొన్నాళ్లకే మొదలవుతుంది. మొలతాడు కడతారు. ఆడపిల్లకు పెళ్లినాటికి కుదిరితే వడ్డాణం, కుదరకపోతే అద్దెకు తెచ్చిన వడ్డాణం. మగపిల్లాడికి స్కూల్లో కొక్కెం ఉన్న ఎలాస్టిక్ పట్టీ, ఇంజనీరింగ్‌లో కొండాపూర్ ఫుట్‌పాత్ మీద కొన్న పెద్ద బకిల్ బెల్టు. ఇక మన పేపర్లలో బెల్టు అన్న మాట కనపడితే సగం సార్లు దాని పక్కన 'షాపు' ఉంటుంది, అది తోలుకు సంబంధించింది కాదు. ఇంత చరిత్ర ఉండీ, బెల్టు ఎలా కొనాలో మాత్రం మనకు ఎవరూ చెప్పరు. దసరాకి బట్టలతో పాటు నాన్న ఏది కొనిస్తే అదే.

ముందు సైజు సంగతి. ప్యాంటు మీద 34 అని ఉంటే బెల్టు 36 తీసుకోవాలి. ప్యాంటు సైజుకి రెండు అంగుళాలు కలుపుకోవడం మామూలు లెక్క. బెల్టు సైజు అంటే మొత్తం పొడవు కాదు, బకిల్ దగ్గర తోలు మడత పడ్డచోటు నుంచి మధ్య కన్నం దాకా. మామూలుగా అయిదు కన్నాలుంటాయి, మూడోదాన్ని మీదనుకోండి. ఇంకా సులువైన పని, ఇప్పుడు వాడుతున్న బెల్టునే టేపు పెట్టి మడత నుంచి మీరు వాడే కన్నం దాకా కొలవడం. ఆన్‌లైన్లో కొనేటప్పుడు ఆ అంకె ఒక్కటి చాలు. మధ్య కన్నం మీదైతే అటు రెండు, ఇటు రెండు మిగులుతాయి. ఆస్ట్రేలియా మొదటి ఏడాదిలో వంట రాక లోపలికి ఒక కన్నం, ఉద్యోగం వచ్చాక బయటికి రెండు కన్నాలు. మిగిలినవి ఊరికే పోవు.

తర్వాత వెడల్పు. ఆఫీసు ప్యాంటుకి 30 నుంచి 35 మిల్లీమీటర్లు, జీన్సుకి 38 నుంచి 40. ఫార్మల్ ప్యాంటు లూపుల్లోకి జీన్సు బెల్టు దూర్చితే లూపులు సాగుతాయి. జీన్సుకి సన్న బెల్టు పెడితే లూపు మధ్యలో తాడులా పడి ఉంటుంది. రంగు విషయంలో నల్ల బూట్లకు నల్ల బెల్టు, గోధుమ రంగు బూట్లకు ఆ దరిదాపుల్లో ఏదైనా. బకిల్ చిన్నగా, సాదాగా ఉంటే ఇంటర్వ్యూకీ, పెళ్లికీ, వాల్మీకి జయంతికీ ఒకటే పనికొస్తుంది. చదువుకునే రోజుల్లో రెండు వైపులా రెండు రంగులున్న తిప్పుడు బెల్టు ఒకటీ, జీన్సుకి ఇంకోటీ. అంతకు మించి అక్కర్లేదు. కన్నాలు లేకుండా టిక్‌టిక్‌మంటూ జరిగే రకం భోజనానికి ముందు ఒకలా, తర్వాత ఒకలా ఉండే పొట్టలకు సుఖం.

ఇప్పుడు తోలు. 'జెన్యూన్ లెదర్' అని ముద్ర కనపడగానే మనవాళ్లు సంబరపడతారు. ఆ మాటకు అర్థం అది తోలే అని మాత్రం, మంచి తోలు అని కాదు. పశువు చర్మంలో పైపొరను గీకకుండా ఉంచితే 'ఫుల్ గ్రెయిన్'. గట్టిదనం అంతా ఆ పొరలోనే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ నిగ్గు తేలుతుంది. 'బాండెడ్' అంటే తోలు ముక్కల పొడిని జిగురుతో కలిపి అచ్చుపోసింది. తోలులో అది ఉప్మా లాంటిది, నిన్నటి మిగులు కూడా అందులోనే. గుర్తుపట్టడానికి అంచు చూడండి. ఒకే తోలు ముక్కా, లేక పైనా కిందా సన్నటి తొడుగు వేసి మధ్యలో అట్టలాంటిది పెట్టి కుట్టారా? వంచి చూడండి. సన్నటి ముడతలు పడి మళ్లీ సర్దుకుంటే మంచిది. రంగు పెచ్చులాగా లేస్తే అక్కడే పెట్టేసి రండి.

మరి ఇండియా నుంచి తెచ్చుకోవాలా అంటే, మంచిది దొరికితే ఒకటి తెచ్చుకోండి. ఇక్కడి షాపుల్లో తోలు వస్తువు తిప్పి చూస్తే 'మేడ్ ఇన్ ఇండియా' అని చాలాసార్లు కనపడుతుంది. అంబూరు, వాణియంబాడి, రాణిపేట తోలు ప్రపంచమంతా తిరుగుతుంది. పూర్తిగా పదును చేసిన తోలు బెల్టుకు ఎయిర్‌పోర్టులో ఇబ్బందేమీ ఉండదు. బతుకమ్మ కోసమో, బోనాల కోసమో పచ్చితోలు డప్పు పట్టుకొస్తే మాత్రం కార్డు మీద డిక్లేర్ చెయ్యాలి, మర్చిపోవద్దు.

ఇక్కడే కొనుక్కుంటానంటే ఆస్ట్రేలియా వాళ్లకు బెల్టు అనగానే గుర్తొచ్చే పేరు ఆర్. ఎం. విలియమ్స్. 1908లో పుట్టాడు. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ కొండల్లో ఉన్న రోజుల్లో, అందరూ డాలర్ మిక్ అని పిలిచే ఒక గుర్రాల మనిషి దగ్గర తోలుపని నేర్చుకున్నాడు. 1930ల్లో, పనులు దొరకని కాలంలో, అడిలైడ్‌లో తండ్రి ఇంటి షెడ్డులో జీన్లూ, బూట్లూ, బెల్టులూ కుట్టడం మొదలుపెట్టాడు. ఆ కంపెనీని 2020లో ఆండ్రూ ఫారెస్ట్ కుటుంబ సంస్థ కొనుక్కుంది. ఇవాళ ఆ బెల్టు కొనాలంటే నూరు డాలర్లు దాటుతుంది. పార్ట్‌టైమ్ చేసుకునే పిల్లలు కొనాల్సింది కాదు, తెలుసుకోవాల్సింది. ఇంకోటి కంగారూ తోలు. దాని పోగులు చర్మానికి సమాంతరంగా ఉంటాయి కాబట్టి పల్చగా చెక్కినా బలం తగ్గదు. అందుకే పశువుల కాపర్లు కొరడాలకీ, జడ అల్లిక బెల్టులకీ దాన్నే వాడారు. అయితే అవి పెంపకం జంతువులు కావు, అడవిలో లైసెన్సు మీద వేటాడినవి. కాలిఫోర్నియాలో వాటి అమ్మకం నిషేధం. 2023లో నైకీ, పూమా కూడా మానేస్తామన్నాయి. క్వీన్ విక్టోరియా మార్కెట్లో వరసగా వేలాడుతుంటాయి, కొనడం మానడం మీ ఇష్టం.

ఏ జంతువు తోలూ వద్దనుకునేవాళ్లకు కాన్వాస్ బెల్టు నిక్షేపంలా ఉంటుంది. తోలులా కనపడే ప్లాస్టిక్ రకం మాత్రం రెండేళ్లకు పగిలి నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది.

తోలు గురించి చదువుతుంటే నాకు ఆశ్చర్యమేసిన సంగతొకటి చెబుతాను. క్రికెట్లో ఆస్ట్రేలియా టీము వేసుకునే పసుపు రంగు గోల్డెన్ వాటిల్ పూవుది. ఆ పూవు 1988లో ఈ దేశపు జాతీయ పుష్పమయింది. ఏటా సెప్టెంబరు 1న దాని పేరున పండగ. ఆ చెట్టు బెరడు తోలు పదును చెయ్యడానికి పనికొస్తుంది, దండిగా టానిన్ ఉంటుంది. దాని చుట్టం నల్ల వాటిల్‌ను ఇక్కడి నుంచి దక్షిణాఫ్రికా తీసుకెళ్లి తోటలు వేశారు. ఆ బెరడు మద్రాసు తోలు కార్ఖానాలకు దిగుమతయింది. అంతకుముందు మద్రాసులో దేంతో పదును చేసేవారు? తంగేడు చెక్కతో. మన బతుకమ్మలో పేర్చే తంగేడు. తెలంగాణ రాష్ట్ర పుష్పం. రెండు దేశాల్లోనూ గౌరవమిచ్చి నెత్తిన పెట్టుకున్న పసుపు పూలు రెండూ తోలుపనివాళ్ల చెట్లవే!

మా వరంగల్ ఇంట్లో పండగకి తంగేడు పూలు సంచులతో వచ్చేవి. ఆ చెట్టు చెక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేదు. అది ఊరికి ఆ చివర, మాదిగవాడలో లందలోకి పోయేది. పూవు గౌరమ్మకీ, బెరడు లందకీ. పూవు తెచ్చినవాళ్లు ఇంట్లోకి, చెప్పులు తెచ్చినవాళ్లు గడప బయటికి. ఇప్పటికీ వ్రతంలో కూర్చునేటప్పుడు బెల్టు తీసి పక్కన పెట్టమంటారు, పక్కనే మృదంగం మోగుతుంటుంది. అదీ ఆవు, మేక, గేదె తోళ్లదే. దాన్ని బిగించేవాళ్ల జీవితాల మీద టి. ఎం. కృష్ణ 2020లో ఒక పుస్తకమే రాశారు.

ఈ తోలుకు చదువుల్లో చోటిచ్చిన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. యలవర్తి నాయుడమ్మ. 1922లో తెనాలి దగ్గర యలవర్రులో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. అమెరికాలోని లీహై యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి మద్రాసు వచ్చి, 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. తర్వాత సీఎస్ఐఆర్‌కు అధిపతి, జేఎన్‌యూకి వైస్ చాన్సలర్. సగం పదును చేసిన తోలు చవగ్గా అమ్ముకునే దేశం చెప్పులూ, బూట్లూ చేసి అమ్మే దేశంగా మారిన కాలం ఆయనది. 1985 జూన్ 23న అట్లాంటిక్ మీద పేలిపోయిన కనిష్క విమానంలో పోయిన 329 మందిలో ఆయనా ఒకరు. బెల్టు వెనక 'మేడ్ ఇన్ ఇండియా' చూసినప్పుడు ఆయన్నీ, లంద దగ్గర నిలబడ్డవాళ్లనీ కలిపి తలుచుకోవడం నాకు అలవాటయింది.

ఆ అలవాటు చేసింది మా ఆఫీసులో టెస్టింగ్ చేసే ఒక మిత్రుడు. నల్గొండ వైపు వాడు. "పేరొద్దు, సంగతి రాయి" అన్నాడు. వాళ్ల తాత వెట్టికి మోట తొండాలూ, ఎడ్ల పట్టెడలూ, దొర చెప్పులూ కుట్టినవాడు. వాళ్ల నాన్న కూడా కొన్నాళ్లు కుట్టి, కొడుకుని మాత్రం ఆరె ముట్టుకోనివ్వలేదు. రెండేళ్ల కిందట మావాడు ఇక్కడ ఒక వర్క్‌షాపులో డబ్బు కట్టి శనివారం పూట బెల్టు చెయ్యడం నేర్చుకున్నాడు. తోటి విద్యార్థుల్లో ఒక లాయరూ, ఒక పళ్ల డాక్టరూ ఉన్నారట. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు కట్టి, ఒకే కన్నంలోంచి ఎదురెదురుగా దూర్చి కుట్టడం నేర్పారు. మిషను కుట్టు ఒకచోట తెగితే జారిపోతూ పోతుంది, ఇది ఒక్క కుట్టు తెగినా మిగతావి పట్టుకుని ఉంటాయి. టీచరు మెచ్చుకుని "ముందే వచ్చా నీకు?" అని అడిగిందట.

పూర్తయిన బెల్టు ఫొటో వాట్సాప్‌లో వాళ్ల నాన్నకి పంపాడు. వెంటనే ఫోనొచ్చింది. "గందుల్నుంచి బయటపడాల్నని గదరా నిన్ను సదివిచ్చింది. పైసలు కట్టి మల్ల గదే నేర్సుకుంటివా?" అన్నాడట. మావాడు ఏమీ అనలేకపోయాడు. ఇక్కడ ఈ పని చేస్తే చెయ్యి తిరిగిన కళాకారుడంటారనీ, గోడకి ఫొటో పెడతారనీ చెప్పొచ్చు. కానీ అదే పనికి గడప బయట నిలబడ్డ మనిషికి ఆ మాట ఎలా చెప్పాలి? ఆ రాత్రి నాతో మాట్లాడుతూ, "నాన్న చెప్పింది తప్పు కాదు, నేను చేసింది కూడా తప్పు కాదు, రెండూ ఎట్ల కలుస్తయో తెల్వదు" అన్నాడు.

రెండు రోజులు ఇంటి నుంచి ఫోన్ లేదు. మూడో రోజు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. దాన్ని నాకూ వినిపించాడు. "ఆ ఫొటో పెద్దగ జేసి సూసిన. కుట్టు మంచిగనే ఉన్నది. అంచు సరింగ రుద్దలే. తడి బట్టతోని తుడువు, ఇంత మైనం పెట్టు, కట్టెతోని గట్టిగ రుద్దు. గప్పుడు నీళ్లు పట్టది."

మీరు కొన్న బెల్టు అంచు కూడా ఓసారి వేలితో తడిమి చూడండి. నున్నగా, మెరుస్తూ ఉంటే ఎవరో ఓపిగ్గా రుద్దారన్నమాట. చుట్టి డ్రాయర్లో పడెయ్యకుండా బకిల్ పట్టుకుని వేలాడదీయండి, ఎండాకాలం కారులో వదిలెయ్యకండి, ఆర్నెల్లకోసారి కాస్త మైనం పట్టించండి. మంచి తోలయితే పదేళ్లు వస్తుంది.