అయిదు వోట్ల తేడా

అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రను బాలురకు నేర్పు పుస్తకములలో 1800 మొదలు 1860 వఱకు గల కాలము తఱచుగ రెండు అధ్యాయములుగ విభజింపబడుచుండును. మొదటిది పడమటి విస్తరణము: 1803లో ఫ్రాన్సు నుండి 150 లక్షల డాలరులకు కొన్న లూసియానా, బండ్లు కట్టుకొని సాగిన సేద్యగాండ్రు, పసిఫిక్ తీరము. రెండవది సంఘసంస్కరణము: దాస్యనిర్మూలనము, స్త్రీల హక్కులు, మద్యపాన నిరోధము, సార్వజనిక పాఠశాలలు. విద్యార్థి మొదటిదానిని ఉత్సాహముతోను, రెండవదానిని గౌరవముతోను చదివి పరీక్షలో గట్టెక్కును. ఈ రెండు పనులను చేసినది ఒకే జనమనియు, వానిని తూచినది ఒకే శాసనసభ యనియు అతనికి తోచదు. ఈ విభజనము చరిత్రకు చేయు అపచారమని మా యభిప్రాయము.

1830వ సంవత్సరమును చూడుడు. మిసిసిపీ నదికి తూర్పున నున్న ఆదిమజాతులను పడమటికి తరలించు శాసనము ఆ యేటనే పుట్టినది. ఆ జాతులలో నొకరగు చెరొకీలు దిక్కులేక సంచరించువారు కారు. సెక్వోయా యను నాతడు 1821 నాటికే వారి భాషకు లిపిని కూర్చెను. 1827లో వారు లిఖిత రాజ్యాంగమును ఏర్పఱచుకొనిరి. 1828లో రెండు భాషలలో ‘చెరొకీ ఫీనిక్స్’ అను పత్రికను వెలువరించిరి. నాగరకత నేర్చుకొనుడని బోధించిన పొరుగువారే, వారు నేర్చుకొన్న పిదప వారి పొలములను కోరిరి.

అయినను ఆ శాసనము ప్రతినిధిసభలో ఎన్ని వోట్లతో నెగ్గినది? అనుకూలముగ 102, ప్రతికూలముగ 97. అయిదు వోట్లు! సెనేటులో ఫ్రీలింగ్‌హైసన్ అను సభ్యుడు మూడు దినములపాటు దానిని ఎదిరించి ప్రసంగించెను. కేథరిన్ బీచర్ పిలుపుపై వోటుహక్కే లేని స్త్రీలు ఊరూరను సంతకములు చేసి మహజరులు పంపిరి. తాము నోరు విప్పరాని విషయమని లోకము చెప్పినదానిపై ఆ స్త్రీలు విప్పిన నోరు తరువాతి కాలమున దాస్యమును గూర్చియు, తమ హక్కులను గూర్చియు మాటలాడినది. ఇట్టి సంగతిని ఏ యధ్యాయమున చేర్తురు? విస్తరణమునందా, సంస్కరణమునందా?

న్యాయస్థానపు కథయు అట్టిదే. జార్జియా రాష్ట్రపు అనుమతిపత్రము లేక చెరొకీల నేలపై నివసించెనని సామ్యూల్ వూస్టర్ అను క్రైస్తవ బోధకునికి 1831లో నాలుగేండ్ల కఠినశిక్ష విధించిరి. 1832లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, చెరొకీల నేలపై జార్జియా శాసనములు చెల్లవని తీర్పు చెప్పెను. తీర్పు వచ్చినను బోధకుడు 1833 జనవరి వఱకు చెఱలోనే యుండెను. అధ్యక్షుడు జాక్సన్ చెరొకీల రక్షణకు రాలేదు. న్యాయవాదవృత్తిలో నున్నవారికి ఇంతకంటె చేదు పాఠము లేదు. తీర్పును వ్రాయుట న్యాయమూర్తి పని. దానిని నిలుపుట ప్రభుత్వముయొక్కయు, ప్రజలయొక్కయు ధర్మబుద్ధి.

1838-39లో సైన్యపు కాపలాలో వేలకొలది చెరొకీలు తరలింపబడిరి. శిబిరములలోను, త్రోవలోను సుమారు 4,000 మంది మరణించిరని సాధారణముగ చెప్పు లెక్క. చెరొకీలలోని ధనికులు కొందఱు బానిసలను ఉంచుకొనియుండిరి. ఆ బానిసలును ఆ దుఃఖయాత్రలో నడచిరి. ఉపాధ్యాయుడు దీనిని దాచరాదు. ఖాళీయైన నేలలో పత్తి తోటలు వెలసినవి. వానిలో పనికి తూర్పు రాష్ట్రముల నుండి బానిసలను తోలుకొనివచ్చిరి. విస్తరణమే దాస్యమునకు క్రొత్త పొలమైనది.

1848వ సంవత్సరము మఱియొక నిదర్శనము. ఫిబ్రవరిలో మెక్సికోతో సంధి జరిగి 5 లక్షల చదరపు మైళ్ళకు పైబడిన నేల అమెరికాకు దక్కినది. జూలైలో సెనెకా ఫాల్స్ అను ఊర స్త్రీల హక్కుల సభ జరిగినది. 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు ప్రకటనపై సంతకము చేసిరి. వారిలో ఫ్రెడరిక్ డగ్లస్ ఒకడు. దాస్యమునుండి తప్పించుకొనివచ్చిన యాతడు ఆ యేటి జనవరిలోనే తన పత్రికలో మెక్సికో యుద్ధమును ఖండించియుండెను. ఆ యుద్ధమును, దాస్యమును పోషించు ప్రభుత్వమునకు పన్ను చెల్లింపక 1846లో ఒక రాత్రి చెఱలో గడపిన థోరో, 1849లో తన వ్యాసమును ప్రకటించెను. దాని సారమును గాంధీజీ 1907లో దక్షిణాఫ్రికాలో తమ ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో వెలువరించిరి. ఆ విధముగ అమెరికా విస్తరణకథ మన స్వాతంత్ర్యకథకు బంధువైనది.

ఇది పాతగొడవ కదా యని కొందఱందురు. చెరొకీలను తోలిన నేల నేటి ఓక్లహోమా. ఆ రాష్ట్రమే 2021లో, జాతిని గూర్చిన కొన్ని భావములను బడులలో బోధింపరాదని శాసనము చేసినది. తన జాతి కారణముగ ఏ విద్యార్థియు అపరాధభావము పొందవలెనని నేర్పరాదనుట అందొక నిబంధన. 2024లో న్యాయస్థానము దానిలో కొన్ని భాగములను తాత్కాలికముగ నిలిపినది. పసివారిని వారి పుట్టుక కొఱకు నిందింపరాదనుట సమంజసమే. కాని నింద వేఱు, నిజము వేఱు. హద్దు ఎక్కడనో తెలియక జంకిన ఉపాధ్యాయుడు నిందతోపాటు నిజమును కూడ వదలివేయును.

ఒక పక్షమువారు అంతయు దైవనిర్ణయమని గర్వింతురు. మఱియొక పక్షమువారు ఆనాటివారందఱు ఒక్కటే యని ఈసడింతురు. ఆ అయిదు వోట్లు ఇరువురికిని సమాధానము. దైవనిర్ణయమైనచో 97 మంది ఏల కాదనిరి? అందఱు ఒక్కటే యైనచో ఆ స్త్రీలు ఏల సంతకములు చేసిరి? మఱియొక ముగ్గురు మనసు మార్చుకొనియున్నచో ఆ శాసనము ఓడియుండెడిది. ఈ సంగతి తెలిసిన బాలునికి గర్వముగాని సిగ్గుగాని పట్టదు, బాధ్యత పట్టును.

నేడు ఆ దేశపు బడులలో తెలుగు బిడ్డలు కూడ ఈ పాఠమును చదువుచున్నారు. తల్లిదండ్రులు మార్కులనే అడుగక, ఆ 97 మంది ఎవరని వారిని అడుగుదురు గాక. ఏ దేశ చరిత్రయందైనను విద్యార్థి మొదట వెదకవలసినది ఓడిపోయిన వోట్లనే.