కడుపు గోడు - 3: గడ్డలు తీశారా, సంచి తీశారా?



గర్భసంచిలో గడ్డలు తీయించుకుని ఇవాళ్టికి 23 రోజులు. పొట్ట ఉబ్బే ఉంది. చీర కుచ్చిళ్ళు నిలవట్లేదు, నైటీలోనే బతుకు. నిన్న కుట్లు చూపించుకోడానికి షేర్ ఆటో ఎక్కితే పక్కనున్నామె సర్దుకుని చోటిచ్చి, "ఎన్నో నెలమ్మా?" అంది.

"నెలలు కాదు పిన్నీ, గడ్డలకి ఆపరేషన్ అయింది."

"గడ్డలు తీశారా, సంచి తీశారా?"

"గడ్డలే. సంచి ఉంచారు."

"ఉంచారా!" అని నోరు తెరిచింది. ఆమెకీ, ఆమె ఇద్దరు చెల్లెళ్ళకీ తీసేశారట. ముగ్గురూ మిరపకోతలకి పోయేవాళ్ళే.

ఈ భాగం ఆ నోరు తెరవడం గురించి.

ముందు వాపు సంగతి చెప్పేస్తా, హాస్టల్ అమ్మాయిలు అడుగుతున్నారు కాబట్టి. నాది పొట్ట కోసి చేసిన ఆపరేషన్. పొట్ట కోసి, సంచి కోసి, గడ్డలు ఊడదీసి, మళ్ళీ సంచి కుట్టి, పొట్ట కుట్టారు. కోసిన చోటల్లా నీరు చేరుతుంది. మత్తుకీ, నొప్పి మందులకీ పేగులు బద్ధకిస్తాయి, గ్యాసు పట్టేస్తుంది, విరేచనం సాఫీగా అవదు. ఉబ్బిన సంచి మామూలు సైజుకి రావడానికీ వారాలు పడుతుంది. పొద్దున తగ్గినట్టే ఉండి సాయంత్రానికి మళ్ళీ ఉబ్బడం కొన్ని వారాలు మామూలే, కొందరికి నెలలు కూడా. అది కొవ్వు కాదు, మీరేదో తిని తెచ్చుకున్నది అసలే కాదు. కానీ జ్వరం వచ్చినా, వాపు తగ్గాల్సింది పోయి రోజురోజుకీ పెరిగినా, వాంతులై గ్యాసు కూడా పోకపోయినా, కుట్లు ఎర్రబడి చీము కారినా, రక్తం ఆగకుండా పోతున్నా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా "రేపు చూద్దాం" అనొద్దు. ఆ పూటే ఆస్పత్రికి పోండి.

డిశ్చార్జి కాగితంలో ఏముందంటే: ఆరు వారాలు బరువులెత్తకూడదు, వంగకూడదు, మెల్లగా నడవాలి. మంచి మాటలే. ఎవరి కోసం రాశారీ కాగితం? నీళ్ళు ఇంట్లో కుళాయికే వచ్చేవాళ్ళ కోసం. వంటకి ఇంకో మనిషి ఉన్నవాళ్ళ కోసం. నెల రోజులు పనికి పోకపోయినా జీతం పడేవాళ్ళ కోసం.

మా అమ్మకి 31 ఏళ్ళప్పుడు సంచి తీశారు. ఎర్రబట్ట ఎక్కువవుతోందని చూపించుకోబోతే, "ఉంచితే కేన్సర్ అవుద్ది" అన్నారు. ఆ ఒక్క ముక్కకే అమ్మ మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చింది. అప్పుంటే రెస్టెక్కడిది? 18వ రోజు మిరపచేలో ఉంది. ఉబ్బిన పొట్టకి పాత చీర ముక్క బిగించి కట్టుకుని వంగింది. రెండేళ్ళకి కుట్లకాడ పేగు తోసుకొచ్చింది. హెర్నియా అన్నారు, మళ్ళీ కోశారు. నాతో కాగితం మీద చెప్పినవి అమ్మకి ఎవరూ నోటితో కూడా చెప్పలేదు.

నా దగ్గరా మొదటి డాక్టరు అదే పాట ఎత్తుకుంది. "ఏ ఊరు, ఎక్కడుంటావు" అని అడిగి, కాలనీ పేరు విని, "ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంక సంచితో ఏం పని నీకు?" అంది. "మయోమెక్టమీ ఎందుకు కుదరదు మేడమ్?" అన్నా. ఆ ఇంగ్లీషు ముక్కతో "నువ్వు" పోయి "మీరు" వచ్చింది. నా సంచిని కాపాడింది నా ఎమ్మే. అమ్మకి ఎమ్మే లేదు.

సంచి తీయడమే తప్పని నేననట్లేదు. కొందరికి తీయక తప్పదు, కొందరు తెలిసే తీయించుకుంటారు. నా గొడవల్లా అడగకుండా, చెప్పకుండా తీయడం మీద. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో సంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. మొదటి రెండు స్థానాలూ మనవే. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే ఆడవాళ్ళ సంచులు వేలల్లో తీశారు. నెలసరి వస్తే పని ఆగుద్ది, ఆగితే మేస్త్రీ జరిమానా వేస్తాడు. అక్కడ కత్తి డాక్టరుదే, లెక్క మాత్రం మేస్త్రీది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అవసరం లేని ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా పిల్ వేస్తే, మార్గదర్శకాలు అమలు చేయమని సుప్రీంకోర్టు 2023లో అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. మీ జిల్లా ఆస్పత్రిలో ఆ కాగితం ఎక్కడుందో ఒక్కసారి అడిగి చూడండి.

చట్టం కూడా చూడండి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి రెండు వారాల జీతంతో సెలవు పెట్టారు. పిల్లలు పుట్టకుండా చేస్తే ప్రభుత్వానికి లాభం, అందుకే సెలవు. గడ్డలకి అందులో ఒక్క ముక్క రాయలేదు. ఉన్న రెండు వారాలూ మిరపచేలో కూలికి ఎట్లాగూ రావు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు కోసం బాబాసాహెబ్ నిలబడి మాట్లాడారు. ఆడకూలీకి విశ్రాంతి హక్కు అన్న మాట మనకి కొత్త కాదు, మనమే పక్కన పెట్టేశాం.

అవును, మనమే. 12వ రోజు ఒక తమ్ముడు ఫోన్ చేశాడు: "అక్కా, ధర్నాకి రాకపోతే ఎట్లా, కూర్చునే ఉందువుగానీ." ఇంకో సహచరుడు నా ఫోటో చూసి "లావయ్యావేంటి" అన్నాడు. భూమి గురించి, రిజర్వేషన్ గురించి తీర్మానాలు రాస్తాం. ఆపరేషనైన కూలీకి ఆరు వారాల కూలి ఇవ్వాలని ఏ డిమాండ్ పత్రంలో రాశాం తమ్ముళ్ళూ? నేనూ రాయలేదు. నా పొట్ట కోసేదాకా నాకూ తట్టలేదు.

ఆటోలో పిన్ని నాకన్నా ముందు దిగింది. దిగుతూ నా చేతిసంచి నా ఒళ్ళోంచి తీసి సీటు మీద పెట్టి, "బరువెత్తమాక" అంది. తర్వాత వెనకున్న రేషన్ బియ్యం మూట నెత్తికెత్తుకుని వాడలోకి నడిచింది.

(ఇంకా ఉంది)