డ్రాయింగ్ ఎవరి చేతిలో?

"మేడమ్, మీరు తెలుగులో పిహెచ్‌డి కదా, మీకెందుకండీ ఈ తలనొప్పి? మన పిల్లలు గీసిపెడతారు. మీరు రిపోర్టు రాయండి, చాలు."

ఒక ఇంజనీరింగ్ కాలేజీలో జరిగిన రెండు రోజుల శిక్షణలో విన్న మాట ఇది. ఎలక్ట్రానిక్ సర్క్యూట్లను కంప్యూటర్ మీద గీయడం కొత్తవాళ్ళకు నేర్పుతామంటే వెళ్ళాను. ఆ మాట అన్నాయన చెడ్డవాడేం కాదు. నా కష్టం తగ్గిస్తున్నాననుకుని ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదతోనే నా పేచీ. అయితే పేచీలో సగం ఆయనతో, మిగతా సగం మనతో.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు కైక్యాడ్. 1992లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జాన్ పియేర్ షరా మొదలుపెట్టాడు. ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. ముందు సర్క్యూట్ బొమ్మ గీయాలి, తర్వాత దాన్ని బోర్డుగా మార్చాలి. కొత్తవాళ్ళు ఎక్కడ తడబడతారో చెబుతాను. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటినంత మాత్రాన కలిసినట్టు కాదు, కలిసిన చోట చుక్క ఉండాలి. బొమ్మలో భాగానికి వేసే గుర్తు వేరు, బోర్డు మీద అది ఆక్రమించే చోటు వేరు. ఆ చోటును ఫుట్‌ప్రింట్ అంటారు. రెండింటినీ మనమే జతపరచాలి. ఇక్కడ ఆడా మగా అందరూ తడబడతారు. పక్క బల్ల దగ్గర కుర్రాడు తడబడితే "నేర్చుకుంటున్నాడు" అన్నారు. నేను తడబడితే నా చేతిలో పెన్ను పెట్టారు.

శిక్షణ ముగిశాక ఇంటికొచ్చి ఒక్కదాన్నే కూర్చున్నాను. 555 అనే చిన్న ఐసీ, రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో ఎల్ఈడీ వెలిగి ఆరే సర్క్యూట్ గీశాను. తప్పులు పట్టే పరీక్ష ఒకటుంటుంది, అది పెట్టాను. శక్తి తీసుకునే కాలు ఉందిగానీ శక్తి ఇచ్చే కాలు ఎక్కడా లేదని ఎర్రగా చూపింది. బ్యాటరీ ఎదురుగా కనిపిస్తోంది కదా! రెండు రాత్రులు పట్టింది అర్థం కావడానికి. బ్యాటరీ గుర్తు కాళ్ళకు ఆ సాఫ్ట్‌వేర్ 'పాసివ్' అని పేరు పెట్టుకుంది. శక్తి ఇక్కడి నుంచే వస్తోందని చెప్పడానికి మనం ఒక జెండా గుర్తు తగిలించాలి. తగిలిస్తే తప్పు పోతుంది.

మన జబ్బు నాకు అక్కడే తెలిసింది. ఆ తప్పు చూడగానే నేను కారణం వెతకలేదు. "ఆహా, శక్తి ఎంత ఉన్నా పాసివ్ అని ముద్ర వేస్తే లెక్కలోకి రాదు, స్త్రీ బతుకే కదా ఇది!" అని నోటు పుస్తకంలో రాసుకున్నాను. రూపకం దొరికింది. దీపం వెలగలేదు. కష్టమైన ప్రతిదాన్నీ రూపకం చేసి, దాటేశామనుకుని పక్కకు జరగడం సాహిత్యంవాళ్ళం బాగా నేర్చిన విద్య.

డానా హారవే 1985లో రాసిన సైబోర్గ్ వ్యాసంలో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌లో స్త్రీల గురించి ఒక భాగమే ఉంది. దాని మీద నేను సెమినార్ పత్రం చదివాను, చప్పట్లు కూడా అందుకున్నాను. అప్పటికి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ అనేదాన్ని చేత్తో పట్టుకుని చూడలేదు. విన్నవాళ్ళలోనూ "అదెలా ఉంటుందండీ?" అని అడిగినవాళ్ళు లేరు. ఎనిమిది కాళ్ళ నల్లటి ముక్క. గోరంత ఉంటుంది.

మా అమ్మకు తెలుసు. బాలానగర్ వైపు ఒక చిన్న యూనిట్‌లో పదకొండేళ్ళు స్టెబిలైజర్ బోర్డులు సోల్డరింగ్ చేసింది. పసుపు, ఊదా, ఎరుపు చారలు చూస్తే చాలు, నాలుగు వేల ఏడు వందల ఓములని చెప్పేస్తుంది. ఆ బోర్డు ఎలా పనిచేస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. డ్రాయింగ్ సూపర్‌వైజర్ బీరువాలో ఉండేది. అడిగితే "నీకెందుకమ్మా?" అనేవాడట. ఆమె పనికి జీతాల పుస్తకంలో ఉన్న పేరు 'హెల్పర్'.

ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు స్త్రీలను పనిలోకి తీసుకునేది వాళ్ళ వేళ్ళు పుట్టుకతోనే చురుకైనవని కాదనీ, ఇంట్లో కుట్టుపనుల్లాంటివి చేయించి నేర్పిన నైపుణ్యానికి నైపుణ్యమన్న పేరు లేకుండా చేసి తక్కువ జీతానికి కొనుక్కోవడమేననీ డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లోనే వివరించారు. వేళ్ళు ఆడవాళ్ళవి, డ్రాయింగ్ మగవాళ్ళది. అమ్మకు "నీకెందుకమ్మా", నాకు "మీకెందుకండీ". నా చదువుకు దక్కింది ఆ బహువచనం ఒక్కటే.

బోర్డు పూర్తయ్యాక కైక్యాడ్‌లో దాన్ని తిప్పి తిప్పి నిజం వస్తువులా చూడొచ్చు. అమ్మకు చూపించాను. నా బోర్డులో ఒక్క తప్పు కూడా లేదని రెండో పరీక్ష అప్పటికే చెప్పింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇంత ఇరుగ్గా పెట్టావేంటే? సోల్డరింగ్ చేసే మనిషి ఐరన్ ఎక్కడ ఆనించుకోవాలి? పక్కది కాలిపోదూ?" అంది.

యంత్రం పట్టుకోని తప్పు అది. డ్రాయింగ్‌ను బీరువాలో దాచినందువల్ల నష్టపోయింది అమ్మ ఒక్కతే కాదన్నమాట. ఆ డ్రాయింగూ నష్టపోయింది. పదకొండేళ్ళలో అలాంటి మాటలు ఎన్ని ఆమె నోట్లోనే ఉండిపోయాయో!

"సాహిత్యంవాళ్ళం సర్క్యూట్లు కూడా నేర్చుకోవాలా?" అని ఒక స్నేహితురాలు విసుక్కుంది. అందరూ అక్కర్లేదు. ఉద్యోగం, ఇల్లు అయ్యాక రెండు రాత్రులు మిగలడం ఎంతమందికి సాధ్యమో నాకూ తెలుసు. కానీ "మనకెందుకు" అన్న మాట మన నోటి నుంచి రావడం వేరు. భాష మగవాడిదని అన్నప్పుడు మనం రాయడం మానలేదు. ఆ భాషలోకి దూరి, దాన్ని తిరగరాశాం. డ్రాయింగ్ కూడా ఒక భాషే. అందులో ఏది శక్తి ఇచ్చేది, ఏది పాసివ్ అన్న పేర్లు మనుషులు కూర్చుని పెట్టినవే. చదవడం రానివాళ్ళం విమర్శించేది దేన్ని?

మన కథా వర్క్‌షాపుల్లో ఒక మూల ఒక బల్ల వేద్దాం. పేర్లు రాసే రిజిస్టర్‌లో సోల్డరింగ్ తెలిసిన అమ్మలను 'అతిథులు' అని కాక 'నేర్పేవాళ్ళు' అని రాద్దాం. రెండో బోర్డులో భాగాలను దూరం జరిపాను. ఈసారి దాని డ్రాయింగ్ ప్రింటు తీసి ముందు అమ్మ చేతికే ఇచ్చాను. ఆమె ఇంకా చదువుతోంది. అడిగిన ప్రశ్నల్లో సగానికి నా దగ్గర జవాబు లేదు.